31 ఏళ్లకు జాతీయ జట్టు కల: ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: నాకు 31 నిండాయి. సొంతూరు తెనాలి. లెగ్ స్పిన్ వేస్తాను. గుంటూరు జిల్లా అండర్-19 జట్టుకు ఆడాను. ఆంధ్రా జట్టు ప్రాబబుల్స్ (తుది ఎంపికకు ముందు జాబితా) దాకా వెళ్లి అక్కడే ఆగిపోయాను. బీటెక్ అయ్యాక టెక్సాస్‌లో ఎంఎస్, తర్వాత ఉద్యోగం. అమెరికా వచ్చి ఏడేళ్లు దాటింది, హెచ్-1బీ మీద ఉన్నాను. మొదటి నాలుగేళ్లు బంతి ముట్టుకోలేదు. డాలస్ దగ్గర వీకెండ్ లీగ్‌లో చేరాక పాత ఆట మళ్లీ చేతికొచ్చింది. నిరుడు మా డివిజన్‌లో అందరికంటే ఎక్కువ వికెట్లు నావే. ఇంజినీరు ఉద్యోగం చేస్తూ అమెరికా జట్టుకు ఆడిన సౌరభ్ నేత్రావల్కర్‌ను చూసినప్పటి నుంచి మనసు మనసులో లేదు. దక్షిణాఫ్రికా లెగ్ స్పిన్నర్ ఇమ్రాన్ తాహిర్ కూడా నా వయసులోనే కదా మొదలుపెట్టాడు! ఏడాది ఉద్యోగం మానేసి పూర్తిగా క్రికెట్ మీదే ఉంటే అమెరికా జట్టుకు ఆడగలనా? నా భార్య ‘శని, ఆదివారాలు ఎలాగూ ఇంట్లో ఉండవు, ఇక మిగతా రోజులు కూడానా? పాపను ఎవరు చూస్తారు?’ అంటోంది. నాన్నగారైతే ఫోన్లో ఆ మాటే ఎత్తనివ్వరు. తెలిసినాయన ఒకరు మూడు వేల డాలర్లు ఇస్తే సెలెక్టర్ల కంట పడేలా చూస్తానంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, డాలస్

సమాధానం: ముందుగా ఆ మూడు వేల డాలర్ల సంగతి. ఇవ్వకండి. ఇప్పుడు లీగుల స్కోర్లన్నీ ఆన్‌లైన్‌లో ఉంటున్నాయి, ఎవరెన్ని వికెట్లు తీశారో ఎవరైనా చూసుకోవచ్చు. బౌలింగ్ బాగుంటే ప్రత్యర్థి జట్టు కెప్టెనే వచ్చి ‘మా జట్టుకు ఆడతారా’ అని అడుగుతాడు. క్లబ్ క్రికెట్‌లో ఎక్కడైనా జరిగేది అదే. డబ్బు తీసుకుని పరిచయాలు చేయిస్తాననేవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. వాళ్ల వల్ల జట్టులోకి వచ్చినవాళ్ల కంటే డబ్బు పోగొట్టుకున్న తండ్రులే ఎక్కువ.

రెండోది, ఉద్యోగం మానకండి. కారణాలు తర్వాత చెబుతాను. ముందు తాహిర్ గురించి మాట్లాడుకోవాలి. మీ ఆశంతా ఆయన వయసు మీద నిలబడి ఉంది కాబట్టి.

తాహిర్ దక్షిణాఫ్రికా తరఫున మొదటి అంతర్జాతీయ మ్యాచ్ ఆడింది 2011 ఫిబ్రవరి 24న, ఢిల్లీలో, ప్రపంచకప్‌లో వెస్టిండీస్ మీద. 32 నిండడానికి ఇంకా నెల ఉంది. ఆ రోజు 41 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు. టీవీలో చూసినవాళ్లకు ఎక్కడి నుంచో ఊడిపడినట్టే అనిపించింది. కానీ ఆయన ఆట 31 ఏళ్లకు మొదలవలేదు. పుట్టింది లాహోర్‌లో. ఇంటికి పెద్ద కొడుకు, 16 ఏళ్లకే షాపింగ్ మాల్‌లో సేల్స్‌మన్‌గా చేరాడు. ఆ పని చేస్తూనే పాకిస్తాన్ అండర్-19 జట్టులోకి వచ్చాడు, తర్వాత పాకిస్తాన్-ఎ కూడా ఆడాడు. సీనియర్ జట్టు తలుపు మాత్రం తెరుచుకోలేదు. అండర్-19 రోజుల్లో దక్షిణాఫ్రికా వెళ్లినప్పుడు సుమయ్య పరిచయమైంది. ఆమె కోసమే తర్వాత ఆ దేశం వెళ్లి స్థిరపడ్డాడు.

మీరు గమనించాల్సింది ఆ మధ్య కాలాన్ని. పాకిస్తాన్ దేశవాళీ క్రికెట్, ఇంగ్లండ్‌లో క్లబ్ క్రికెట్, మిడిల్‌సెక్స్, యార్క్‌షైర్, హాంప్‌షైర్, వార్విక్‌షైర్ కౌంటీలు, దక్షిణాఫ్రికాలో టైటాన్స్, డాల్ఫిన్స్. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి వెళ్లి బౌలింగ్ చేశాడు. జనవరి, జూలై తేడా లేదు. అటు చలికాలమైతే ఇటు ఎండాకాలం, మొత్తానికి చేతిలో బంతి మాత్రం ఉండేది. 2010 జనవరిలో ఇంగ్లండ్‌తో టెస్టుకు దక్షిణాఫ్రికా సెలెక్టర్లు ఆయన్ను ఎంపిక కూడా చేశారు. తీరా చూస్తే అర్హతకు కావాల్సిన కాలం ఇంకా పూర్తి కాలేదు! పేరు ప్రకటించాక వెనక్కి తీసుకున్నారు. మనలో ఎవరికైనా అలా జరిగితే ఆ ఏడాదంతా అదే చెప్పుకుని ఏడుస్తాం. ఆయన వెళ్లి మళ్లీ బౌలింగ్ చేసుకున్నాడు.

అంటే 31 ఏళ్లకు ఆలస్యంగా వచ్చింది జాతీయ జట్టు టోపీ ఒక్కటే. ఆట పదిహేనేళ్ల క్రితమే ఉంది, ఒక్క సీజన్ కూడా ఆగలేదు. మీ ఉత్తరంలో నన్ను ఆపింది మీ వయసు కాదు, ‘మొదటి నాలుగేళ్లు బంతి ముట్టుకోలేదు’ అన్న వాక్యం. తప్పు పట్టడం లేదు. ఎంఎస్ ఫీజులు, ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పనిచేసే అనుమతి), ఉద్యోగం వేట మధ్య ఎవరికి కుదురుతుంది? కానీ పోల్చుకునేటప్పుడు ఆ నాలుగేళ్లను కూడా లెక్కలో వేసుకోవాలి. మణికట్టుతో పని చేయించే లెగ్ స్పిన్నర్‌కు మరీను.

తాహిర్ జీవితంలో ఇంకో రోజుంది. 2012 నవంబరు, అడిలైడ్ టెస్టు. ఆస్ట్రేలియా మీద రెండు ఇన్నింగ్స్‌లలో కలిపి 260 పరుగులిచ్చాడు, వికెట్ ఒక్కటీ లేదు. టెస్టు చరిత్రలో వికెట్ లేకుండా అంతకంటే ఎక్కువ పరుగులిచ్చినవాడు లేడు. అప్పటికి వయసు 33. మామూలుగా అక్కడితో కథ అయిపోవాలి. ఏడాది తిరక్కుండా 2013 అక్టోబరులో దుబాయ్‌లో, పుట్టిన దేశం పాకిస్తాన్ మీదే 32 పరుగులకు 5 వికెట్లు తీశాడు, వాళ్లు 99కే ఆలౌట్. వన్డేల్లో మొత్తం 173 వికెట్లు. 40 ఏళ్ల వయసులో 2019 ప్రపంచకప్ మొదటి ఓవర్ ఆయనే వేశాడు, రెండో బంతికే బెయిర్‌స్టోను ఔట్ చేశాడు. అంత దెబ్బ తిని కూడా నిలబడ్డాడంటే కేవలం గుండె ధైర్యం అనుకోవద్దు. బాగా కొట్టించుకున్న రోజులు అంతకు ముందు కౌంటీల్లో చాలానే చూసి ఉంటాడు. తన బంతి ఎక్కడ తప్పుతుందో, దాన్ని ఎలా సరిచేసుకోవాలో తెలిసిన మనిషి.

ఇప్పుడు మీ వికెట్ల దగ్గరికి వద్దాం. ‘మా డివిజన్‌లో ఎక్కువ వికెట్లు నావే’ అన్నారు, సంతోషం. అది ఏ డివిజన్? మ్యాచ్‌లు మ్యాట్ (పిచ్ మీద పరిచే చాప) మీదా, టర్ఫ్ (మట్టి, గడ్డి పిచ్) మీదా? ఈ రెండూ రాయలేదు, అసలు విషయమంతా అక్కడే ఉంది.

అమెరికాలో వీకెండ్ లీగుల గ్రౌండ్లు చాలావరకు మ్యాట్ వికెట్లే. లెగ్ స్పిన్నర్‌కు మ్యాట్ పెట్టని కోట. బంతిని గట్టిగా తిప్పకపోయినా పట్టుకుంటుంది, మోకాలి ఎత్తులో రావాల్సింది నడుం దాకా లేస్తుంది. పగలంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఆదివారం బ్యాట్ పట్టిన మనిషి దాన్ని లెగ్ సైడ్ లాగబోతాడు, మిడ్‌వికెట్‌లో క్యాచ్. స్కోరుకార్డులో అది వికెట్టే. అదే బంతిని మంచి టర్ఫ్ మీద, ఫస్ట్ క్లాస్ ఆడి వచ్చిన బ్యాటర్‌కు వేస్తే వెనక్కి జరిగి కవర్స్‌లోంచి కొడతాడు. మర్నాటి నుంచి మిమ్మల్ని చదవడం మొదలుపెడతాడు, గూగ్లీకి (వ్యతిరేక దిశలో తిరిగే బంతికి) చేయి మారుతుందా, ఫ్లయిట్ ఎంత ఇస్తున్నారు (బంతిని ఎంత ఎత్తుగా వేస్తున్నారు) అని. మీరు పోటీ పడాల్సింది అతనితో.

నేత్రావల్కర్ విషయంలో మన పత్రికలన్నీ ‘ఒరాకిల్ ఇంజినీరు కోహ్లీని డకౌట్ చేశాడు’ అని రాశాయి. మాట నిజమే. 2024 టీ20 ప్రపంచకప్‌లో జూన్ 6న డాలస్ పక్కనే గ్రాండ్ ప్రెయిరీలో పాకిస్తాన్ మీద సూపర్ ఓవర్ వేసి గెలిపించాడు. 12న న్యూయార్క్‌లో కోహ్లీని మొదటి బంతికే, రోహిత్‌ను 3 పరుగులకే వెనక్కి పంపాడు. రెండు మ్యాచ్‌ల్లోనూ 4 ఓవర్లు, 18 పరుగులు, 2 వికెట్లు. ఇంత దాకా అందరికీ తెలుసు. కానీ ఆయన 2010 అండర్-19 ప్రపంచకప్‌లో భారత్‌కు కేఎల్ రాహుల్, జయదేవ్ ఉనద్కత్‌లతో కలిసి ఆడినవాడు. ముంబైకి రంజీ మ్యాచ్ ఆడాడు. అక్కడ చోటు నిలవదని తేలాక 2015లో కంప్యూటర్ సైన్స్ చదవడానికి కార్నెల్ యూనివర్సిటీకి వెళ్లిపోయాడు.

తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉద్యోగం. అక్కడ కూడా మ్యాట్ వికెట్లే. టర్ఫ్ కావాలంటే లాస్ ఏంజెలెస్ వెళ్లాలి. శుక్రవారం ఆఫీసు అయ్యాక కారెక్కి రాత్రంతా ఐదారు గంటలు నడిపి, శనివారం అక్కడ ఆడి, మళ్లీ వెనక్కి. ఇంటి పక్కనే మ్యాట్ మీద కావాల్సినన్ని వికెట్లు తీసుకోవచ్చు. ఆ వికెట్లు ఎందుకూ పనికిరావని ఆయనకు తెలుసు. 2018లో అమెరికా జట్టులోకి వచ్చాడు, తర్వాత కెప్టెన్ కూడా అయ్యాడు. ఇందులో ఎక్కడా ఉద్యోగం మానలేదు. ప్రపంచకప్‌లో కూడా మ్యాచ్ అయ్యాక హోటల్లో ల్యాప్‌టాప్ తీసి ఆఫీసు పని చూసుకుంటాడని ఇంట్లోవాళ్లే చెప్పారు.

మీ విషయంలో ఉద్యోగం మానడం ధైర్యం అనిపించుకోదు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఉద్యోగం మానేస్తే కొత్త దారి చూసుకోవడానికి మహా అయితే 60 రోజులు. ఏడాది క్రికెట్ ఎక్కడిది? మీ భార్య కూడా మీ వీసా మీదే ఆధారపడి ఉంటే ఆ 60 రోజులు ఇద్దరివీ. ఇంకో సంగతి. సరదాకు, ఉచితంగా ఆడుకోవచ్చు గానీ, ఏ క్లబ్బో మ్యాచ్‌కు ఇంత అని చేతిలో పెడితే అది వేరే చోట పనిచేసినట్టు లెక్క. హెచ్-1బీ మీద స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ డబ్బుకు పనిచేయకూడదు. ‘క్యాష్‌లో ఇస్తాం, ఎవరికి తెలుస్తుంది’ అనేవాళ్లు ఉంటారు. ఆ మాట వినకండి. అలాంటి ఆఫర్ వస్తే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి. ఇక టూర్లు. వేరే దేశంలో టోర్నీ ఆడి తిరిగి రావాలంటే పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ సరిగ్గా ఉండాలి. ఆ టెన్షన్ ఎలాంటిదో మీకు నేను చెప్పాలా?

అర్హత సంగతి చెబుతాను, ఇందులో మీకు మంచి వార్తే ఉంది. ఒక దేశానికి ఆడాలంటే ఐసీసీ నిబంధన ప్రకారం అక్కడ పుట్టి ఉండాలి, లేదా పౌరసత్వం ఉండాలి, లేదా వరుసగా గత మూడేళ్లు అక్కడే నివాసం ఉండాలి. ఏదో ఒకటి చాలు. మీకు ఏడేళ్లు దాటింది. గ్రీన్‌కార్డు లేదని దిగులు పడక్కర్లేదు, ఆ గేటు మీరెప్పుడో దాటేశారు. అవతల ఎవరెవరు నిలబడ్డారో కూడా చూడండి మరి. మిలింద్ కుమార్ 2018-19 రంజీ సీజన్‌లో సిక్కిం తరఫున 1331 పరుగులు చేసినవాడు, 2024లో 33 ఏళ్లకు అమెరికా టోపీ వచ్చింది. హర్మీత్ సింగ్ 2012లో భారత్‌తో అండర్-19 ప్రపంచకప్ గెలిచిన స్పిన్నర్. 2023లో మేజర్ లీగ్ (అమెరికా టీ20 లీగ్) మొదలైంది, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ ఉంటుంది. దాంతో ఆ లైను ఏటా పొడుగవుతోందే తప్ప తగ్గడం లేదు.

ఆ లైనులో నిలబడినా తలుపు తెరుచుకోని ఉన్ముక్త్ చంద్‌ను కూడా మర్చిపోవద్దు. 2012 అండర్-19 ప్రపంచకప్ ఫైనల్లో 111 నాటౌట్, గెలిచిన జట్టుకు కెప్టెన్. 2021లో భారత క్రికెట్‌కు పూర్తిగా రిటైర్మెంట్ ఇచ్చి అమెరికా వెళ్లాడు. మూడేళ్లు ఎదురుచూశాడు. అర్హత వచ్చాక, 2024 ప్రపంచకప్ జట్టులో పేరు లేదు. ఆస్ట్రేలియాలో ఫవాద్ అహ్మద్ అని పాకిస్తాన్ నుంచి శరణు కోరి వచ్చిన లెగ్ స్పిన్నర్ ఉన్నాడు. ఆయన కోసం 2013లో పౌరసత్వ చట్టాన్నే సవరించారు! 31 ఏళ్లకు ఆస్ట్రేలియాకు ఆడాడు. అన్నీ కలిపి ఐదు మ్యాచ్‌లు. ఆ ఐదూ తక్కువేం కాదు. కానీ పార్లమెంటు దాకా వెళ్లిన కథ కూడా ఐదు మ్యాచ్‌లకు ఆగిపోవచ్చని తెలిసి దిగితే మంచిది.

మీకు నేను చూపించాలనుకునే మనిషి మన బెజవాడలో పుట్టిన తేజ నిడమనూరు. పెరిగింది న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్‌కు ఆడాడు. అక్కడ పై మెట్టు ఎక్కడం కుదరలేదు. 2019లో నెదర్లాండ్స్ వెళ్లాడు, అక్కడ ఉద్యోగం చేసుకుంటూనే క్లబ్ క్రికెట్ ఆడాడు. మూడేళ్లకు, 2022లో, 27 ఏళ్ల వయసులో నెదర్లాండ్స్ తరఫున మొదటి వన్డే. 2023 జూన్‌లో హరారేలో వెస్టిండీస్ 374 కొడితే ఈయన 76 బంతుల్లో 111 చేశాడు. మ్యాచ్ టై అయింది, సూపర్ ఓవర్లో వాన్ బీక్ 30 పరుగులు బాది గెలిపించాడు. ఆ అక్టోబరులో ప్రపంచకప్‌కు హైదరాబాద్ వచ్చి, తను పెరిగిన న్యూజిలాండ్ మీదే ఉప్పల్‌లో ఆడాడు. తేజను మీకు ఎందుకు చూపిస్తున్నానంటే, ఆయన ఉద్యోగాన్నీ క్రికెట్‌నూ పక్కపక్కనే నడిపాడు. అయితే ఆయన వెనక ఆక్లాండ్ స్థాయి ఆట ఉంది, మీ వెనక జిల్లా స్థాయి ఉంది. ఆ తేడా మీరు పూడ్చుకోవాలి.

కాబట్టి నా అభిప్రాయం ఇది. అమెరికా జాతీయ జట్టు అవకాశం చాలా చాలా తక్కువ. లేదని మాత్రం అనలేను, ఎందుకంటే మీరు ఇంకా సరైన పరీక్ష రాయనే లేదు. ఆ పరీక్షకు ఉద్యోగం మానక్కర్లేదు, ఒక సీజన్ చాలు. మీ లీగ్‌లో పై డివిజన్ జట్టులోకి వెళ్లండి. అక్కడ నాలుగు ఓవర్లకు బదులు రెండే ఇస్తారు, కొన్ని మ్యాచ్‌లు బెంచీ మీద కూర్చోబెడతారు. ఇప్పుడున్న జట్టులో మీరు హీరో, అక్కడ పన్నెండో మనిషి. ఆ చిన్నతనం భరించలేకపోతే మిగతాదంతా మర్చిపోవచ్చు. నెలకు రెండుసార్లయినా టర్ఫ్ మీద ఆడే మార్గం చూసుకోండి. వికెట్లు లెక్కపెట్టకండి. టాప్ ఆర్డర్ బ్యాటర్లు మీ ఓవర్‌కు ఎన్ని పరుగులు తీస్తున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. పదకొండో నంబరువాడి వికెట్ ఆ కాగితం మీదికి రాకూడదు. సీజన్ చివర మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కు కింది మెట్టు) జట్ల ట్రయల్స్‌కు వెళ్లండి. ఫీల్డింగ్ మాత్రం ఇవాళే మొదలుపెట్టాలి. 31 ఏళ్ల స్పిన్నర్‌ను ట్రయల్స్‌లో ముందు తీసేసేది బౌలింగ్ చూసి కాదు, డీప్‌లో రెండో పరుగు ఆపలేకపోవడం చూసి.

ఇక ఇల్లు. మీ ఉత్తరంలో అన్నిటికంటే సూటి ప్రశ్న మీ భార్యది. దానికి మీరిచ్చిన చోటు రెండు వాక్యాలు. ‘నన్ను అర్థం చేసుకోవడం లేదు’ అని మీరు రాయనందుకు మెచ్చుకుంటున్నాను, చాలామంది రాస్తారు. ఆమె క్రికెట్ మానమనలేదు, పాపను ఎవరు చూస్తారని అడిగింది. దానికి జవాబు మీ క్యాలెండర్‌లో కనపడాలి. వారాంతంలో ఒక్కరోజే ఆట. రెండో రోజు ఫోన్లో స్కోర్లు కూడా చూడకుండా ఇంట్లో ఉండాలి. ప్రాక్టీసు పాప పడుకున్నాక, రాత్రి లైట్ల కింద ఇండోర్ నెట్స్‌లో. సీజన్ ఎప్పుడు అయిపోతుందో ఇప్పుడే తేదీ చెప్పండి. ‘ఇంకొక్క ఏడాది’ అని తర్వాత పొడిగించకండి. ఆ నెలల్లో ఆమె కూడా తనకంటూ ఏదో అనుకుని ఉండొచ్చు, కోర్సో, ఉద్యోగం ప్రయత్నమో. అడిగారా?

నాన్నగారికి మీరు ‘ఉద్యోగం మానేస్తున్నా’ అని చెప్పి ఉంటారు, ఆయన అక్కడే ఆగిపోయి ఉంటారు. మానడం లేదని చెప్పి, ఆ తర్వాత క్రికెట్ మాట ఎత్తి చూడండి. మిమ్మల్ని తెనాలి నుంచి గుంటూరు సెలెక్షన్స్‌కు పంపిందీ, కిట్ కొనిచ్చిందీ బహుశా ఆయనే కదా.

సీజన్ అయ్యాక ఆ కాగితం నాకు పంపండి. ఏ డివిజన్‌లో ఆడారు, టర్ఫ్ మీద ఎన్ని ఓవర్లు వేశారు, ట్రయల్స్‌లో ఏమన్నారు, ఈ మూడూ రాస్తే చాలు. వికెట్ల సంఖ్య రాయక్కర్లేదు.